ఇమ్మానియేలు సమాధికి లండన్ వకాలతు

అద్దంకి కోర్టు ఆవరణలో పేరయ్య ప్లీడరు గారిని ఎరగని మనిషి లేడు. గొప్పగా వాదించి పేరు తెచ్చుకున్నాడనుకునేరు, అంత సీను లేదు. ఫీజు అడగాల్సిన సమయం వచ్చేసరికి ఆయనకి దగ్గొస్తుంది. ఆ దగ్గు తగ్గేలోపల క్లయింటు బస్సెక్కేస్తాడు. మరుసటి వాయిదాకి ఓ సంచిలో గోంగూరో, ఓ దోసెడు ఎండుమిరపకాయలో తెచ్చి, "అమ్మగారికివ్వండి" అని బల్లమీద పెట్టి పోతాడు. ఏళ్ల తరబడి ఇదే తంతు. తోటి ప్లీడర్లు ఆయనకి ధర్మాసుపత్రి అని పేరు పెట్టారు. వాళ్లతోపాటు ఆయనా నవ్వేవాడు. ఇంటికెళ్లి మాత్రం ఆ కోపమంతా భార్య సుబ్బరావమ్మ మీద చూపించేవాడు.

అలాంటి పేరయ్యకి జుట్టంతా నెరిసిపోయాక తెలిసిందేమిటయ్యా అంటే, తాను ఇన్నాళ్లూ చేసింది చేతకానితనం కాదట, ప్రో బోనో అట! డబ్బు తీసుకోకుండా బీదవాళ్ల కేసులు వాదించడానికి అది దొరలు పెట్టుకున్న పేరట. ప్రపంచమంతా ఇప్పుడు అదే గాలి వీస్తోందట. ఈ శుభవార్త చెప్పడానికి హైదరాబాదు నుంచి రెండు పెద్ద కార్లలో మనుషులు దిగారు. దిగింది కోర్టు దగ్గర కాదు, చింతలకుంటపాలెంలో.

చింతలకుంటపాలెం మార్టూరుకి దగ్గరే. రోడ్డుకి ఒక పక్క మిరప కళ్లాలు, రెండో పక్క గ్రానైటు కోసి పాలిష్ పట్టే యూనిట్లు. ఒక పక్క ఘాటుకి దగ్గొస్తుంది, రెండో పక్క రాతిపొడికి దగ్గొస్తుంది. ఎటు తిరిగి దగ్గాలో ఊరివాళ్లు నిర్ణయించుకోవచ్చు, ఆ స్వేచ్ఛ ఉంది. చర్చి వెనకనుంచి కాలిబాటన పోతే సమాధుల దొడ్డి వస్తుంది. ఆ దొడ్డిలోనే పోయిన వానాకాలంలో ఇమ్మానియేలుని పెట్టారు. కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు మోసి మోసి, ఒకరోజు బస్తా దించి, దాని మీదే కూర్చుని పోయాడు.

ఈ ఇమ్మానియేలుకి ఒక పిచ్చి ఉండేది. ఈస్టరుకి ముందురోజు దొడ్డిలో ఉన్న సమాధులన్నిటికీ తనే సున్నం వేసేవాడు. నీ వాళ్లా నా వాళ్లా అని చూసేవాడు కాదు. మర్నాడు తెల్లవారుజామున ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడుకుంటూ వచ్చేసరికి, ఆ చీకట్లో సమాధులు తెల్లగా మెరుస్తూ ఉండేవి. ఊళ్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. మనిషి పోయాక వచ్చే మొదటి ఈస్టరుకి ఆ సమాధికి ఇంటివాళ్లే సున్నం వెయ్యాలి. భార్య బతికుంటే భార్యే వెయ్యాలి. కూలివాళ్ల చేత వేయిస్తే చచ్చిన మనిషి చిన్నబుచ్చుకుంటాడని అంటారు. ఇమ్మానియేలు భార్య ఆదెమ్మకి ఇది ఆ మొదటి ఈస్టరు. ఆమె భర్తని నగలడగలేదు, చీరలడగలేదు, ఆ మనిషి కూడా ఆమెనేమీ అడగలేదు. ఈ ఒక్క పనీ చెయ్యకపోతే తను కట్టుకున్న మనిషికి ద్రోహం చేసినట్టేనని ఆమె గట్టిగా నమ్మింది.

ఇంతలో క్రిస్మస్ వెళ్లగానే త్రినాథ్ గోడ కట్టేశాడు. ఇతను పాలిష్ యూనిట్ యజమాని. దొడ్డికి పోయే బాట అతని స్థలం అంచునుంచి పోతుంది. ఎవరో రాత్రిపూట పలకలెత్తుకుపోతున్నారని బాట మూసి, గోడ లేపాడు. అవతల సమాధుల మీదికి రాతి బురద వదిలాడు. అది ఎండి, సమాధులన్నీ బూడిద రంగుకి తిరిగాయి. ఆదెమ్మ ఏడుస్తూ పేరయ్య దగ్గరికొచ్చింది. పేరయ్య అద్దంకి కోర్టులో దావా వేశాడు. ఎప్పటిలాగే ఊరికే వేశాడు.

దావా సంగతలా ఉంచి, అసలు పని కోర్టు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర జరిగింది.

"ఒరేయ్ త్రినాథ్, చచ్చినోళ్లొచ్చి నీ రాళ్లెత్తుకుపోతున్నారట్రా?" అన్నాడు పేరయ్య.

"చచ్చినోళ్లు కాదు బాబాయ్, బతికున్నోళ్లే. ఆ బాటలోంచే పోతున్నయ్ పలకలు. నేనేం జెయ్యను?"

"గోడ ఉంచుకో. కాదన్నదెవరు? గోడకో తలుపు పెట్టు. చావొచ్చినప్పుడూ ఈస్టరుకీ తియ్యి. ఆ బురద కూడా ఇంకోవైపు తిప్పుకో."

త్రినాథ్ కాసేపు గొణిగాడు. వాళ్లమ్మ కూడా నాలుగు తిట్లు తిట్టిందట, సమాధుల మీద బురదేంట్రా, కళ్లు పోతాయని. "సరే, పెడతాలే. తాళం మాత్రం మా వాచ్‌మన్ ఉస్మాన్ కాడే ఉంటది. రాజీ కాగితం మీద సంతకాలయ్యాక తీస్తా" అన్నాడు.

"మంగళవారం రా, జడ్జి గారి ముందు రాసేసుకుందాం."

"వస్తా. టీ చెప్పు."

కేసు అయిపోయింది. ఒక టీ తాగినంత సేపట్లో అయిపోయింది. ఆదివారానికల్లా త్రినాథ్ గోడకి ఇనప చువ్వల తలుపు బిగించి, తాళం కూడా వేశాడు. మంగళవారం సంతకాలైతే ఆ తాళం తెరుచుకుంటుంది. మధ్యలో సోమవారం ఒక్కటే అడ్డం. ఆ ఆదివారమే కార్లు దిగాయి.

వచ్చింది కపాడియా అండ్ పెంబర్‌టన్ అనే కంపెనీ. లండన్‌లో పుట్టి, దేశదేశాల్లో కొమ్మలేసిన లాయర్ల కంపెనీ. దాని హైదరాబాదు శాఖ పెద్ద లక్ష్మీకాంత్ గారు. ఆయన వెంట ఆరాధన అనే పిల్ల, చదువయ్యి కొత్తగా చేరింది, మంచి పిల్లే. ఆరాధన మేనత్త ఎవరో మార్టూరులో టీచరు. ఆవిడ ద్వారా సమాధుల గొడవ వీళ్ల చెవిన పడింది. పడగానే లక్ష్మీకాంత్ గారి గుండె కరిగింది. కరగడానికి కారణం లేకపోలేదు. ప్రపంచంలో ఏ కంపెనీ లాయర్లు ఏడాదికి ఎన్ని గంటలు ఊరికే పని చేశారో లెక్కగట్టి వరసలో నిలబెడతారట. ఆ లెక్క మార్చి నెలాఖరుతో మూసేస్తారు. హైదరాబాదు శాఖ ఆ వరసలో ఎక్కడో చివర ముక్కుతూ ఉంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో తెర కట్టారు. బొమ్మలేశారు. లక్ష్మీకాంత్ గారు మైకు పుచ్చుకుని ప్రపంచ పోకడల గురించి చెప్పడం మొదలుపెట్టారు. అమెరికాలో ఉచిత న్యాయసేవ ఎట్లా పండిందో, ఆస్ట్రేలియాలో ఎట్లా మొలకెత్తిందో, సింగపూరులో ఎట్లా పుంజుకుంటోందో చెప్పారు. మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు, అసలే ఆదివారం ఒక్కరోజే నడుం వాల్చేది. జనం చర్చిలో కూర్చున్నారు గనక ప్రసంగమేననుకుని మర్యాదగా విన్నారు.

"తెరమీద ఆ పొడుగూ పొట్టీ కడ్డీలేంది ప్లీడరు గారూ?" అని ఆదెమ్మ మెల్లిగా అడిగింది.

"దేశాలమ్మా. ఏ దేశంలో ఎంతసేపు ఊరికే పనిచేస్తారో చూపిస్తన్నారు."

"మనదేది?"

"అదిగో, ఆ కింద. కనపడీ కనపడకుండా ఉంది చూడు."

"అయ్యో పాపం" అంది ఆదెమ్మ, నిజంగానే జాలిపడి.

ప్రసంగం అయ్యాక పేరయ్య ముందుకెళ్లి, గొంతు సవరించుకుని, కేసు మంగళవారం రాజీ అయిపోతోందండీ అని చెప్పాడు. శుభవార్త చెబుతున్నాననుకున్నాడు పాపం. లక్ష్మీకాంత్ గారి మొహం మాడిపోయింది. ఊరు తగలబడుతోందని చెప్పినా అంత కంగారు పడేవారు కాదు.

"రాజీయా? ఇది ఒక తలుపు గొడవ కాదండీ పేరయ్య గారూ. మృతుల గౌరవానికి సంబంధించిన రాజ్యాంగ ప్రశ్న. పెద్ద కోర్టుకి తీసుకెళ్లాలి. రేపు దేశంలో ప్రతి శ్మశానానికీ ఈ తీర్పు దారి చూపిస్తుంది. మీరు దాన్ని టీ కొట్టు దగ్గర తేలుస్తారా?"

"తేలింది కదండీ మరి" అన్నాడు పేరయ్య.

"అదే నేను చెప్పేది. తేలకూడదు."

ఇక్కడ పేరయ్య లేచి నిలబడి, "అయ్యా, మీ ప్రపంచ వరస మీరు చూసుకోండి, నా ముసలమ్మకి తలుపు చాలు" అని ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. అనలేదు. ఎందుకనలేదంటే, లక్ష్మీకాంత్ గారు ఆయన భుజం మీద చెయ్యేశారు. "మీలాంటి వాళ్లే అసలైన ప్రో బోనో యోధులు. ఇన్నేళ్లుగా ఒక్కరే మోశారు. మమ్మల్నీ కాస్త మొయ్యనివ్వండి. మీరు మా లోకల్ పార్ట్‌నర్. హైదరాబాదులో సభ ఉంది, స్టేజీ మీద మీకు సన్మానం" అన్నారు. ధర్మాసుపత్రి అనిపించుకుంటూ ముసలైపోయిన మనిషి మరి, చెవులకి తేనె పోసినట్టయింది. కోర్టులో ప్లీడర్ల గదిలో ఫొటో పెడితే ఒక్కొక్కడి మొహం ఎలా ఉంటుందో కూడా ఊహించేసుకున్నాడు.

ఆదెమ్మ ఆయన వంకే చూస్తోంది. "ఏం జెయ్యమంటారు ప్లీడరు గారూ?"

"పెద్దవాళ్లమ్మా. పెట్టు సంతకం."

"ఈస్టరుకి తలుపు తీస్తారుగా?"

"ఎందుకు తియ్యరు? లండన్‌వాళ్లు!"

"మీరు పెట్టమంటే పెడతా" అని ఆమె వకాలత్ మీద సంతకం చేసింది. నాకు అభ్యంతరం లేదని పేరయ్య కూడా పక్కన సంతకం గీకి, కేసు అప్పగించేశాడు. మంగళవారం త్రినాథ్ అద్దంకి వచ్చి, కోర్టు బయట చాలాసేపు నిలబడి, "బాబాయ్‌కి ఏమైంది?" అని నలుగుర్నీ అడిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పని చూడాలి, అబ్బో! ఆరాధనతోపాటు ఇంకో ఇద్దరు కొత్త లాయర్లొచ్చి ఆదెమ్మని కూర్చోబెట్టి ఆమె జీవితమంతా అడిగారు. అడిగినంతసేపూ గంటలు రాసుకున్నారు. ఆదెమ్మకి ఆ గంటల కోత కూలి పోయింది, అది మాత్రం ఏ లెక్కలోనూ రాలేదు. ఒక ఫొటోగ్రాఫరు వచ్చాడు. సమాధుల దగ్గరికి దారి లేదు గనక కళ్లంలో ఎండుమిరపకాయల రాశి ముందు కూర్చోమన్నాడు. ఎర్రగా బాగుంటుందట.

"మిరపకాయలకీ నా కేసుకీ ఏంది నాయనా సంబంధం?" అంది ఆదెమ్మ.

"కొంచెం బాధగా చూడండమ్మా" అన్నాడతను. అనేలోపలే ఘాటుకి తనే తుమ్మడం మొదలెట్టి, కళ్లెర్రబడి, ముక్కు కారి, ఆమెకంటే ఎక్కువ బాధగా కనపడ్డాడు. ఆదెమ్మ కొంగుతో అతని మొహం తుడిచి, తలమీద నీళ్లు కొట్టింది. ఆ ఫొటో ఎవరూ తియ్యలేదు.

పెద్ద కోర్టులో రిట్ వేశారు. దావా పెద్దదయ్యేసరికి త్రినాథ్ హడలిపోయాడు. అతనూ అప్పో సప్పో చేసి ఒక పెద్ద లాయరుని పెట్టుకున్నాడు. విచారణ రోజున లక్ష్మీకాంత్ గారు రాజ్యాంగాన్నీ, పరాయి దేశాల తీర్పుల్నీ వరసపెట్టి చదివారు. అసలు విచారణ వేసవి సెలవుల తర్వాతేనని తేలాక, అప్పటిదాకా కనీసం ఉన్న పరిస్థితి మారకుండా ఉత్తర్వివ్వమని అడిగారు. గోడ ఇంకా పెరగకుండా, ఇంకా బురద పడకుండా అని ఆయన ఉద్దేశం. అడిగింది జడ్జి గారు ఇచ్చారు. రెండు పక్షాలూ మళ్లీ విచారణ దాకా ఎక్కడున్నది అక్కడే ఉంచాలి. అదే స్టేటస్ కో.

ఆరాధన ఫోన్ చేసి, "సర్, గెలిచాం!" అంది. ఆ పిల్ల గొంతులో సంతోషం నిజమైనదే. పేరయ్య సుబ్బరావమ్మ చేత పాయసం పెట్టించాడు. రెండు చెంచాలు తిన్నాక, ఫోన్‌లో వచ్చిన ఉత్తర్వు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. గిన్నె పక్కన పెట్టి చెప్పులేసుకున్నాడు.

"అదేంటండీ, పాయసం?" అంది సుబ్బరావమ్మ.

"నువ్వు తిను. నాకు దిగదు."

నేరుగా త్రినాథ్ యూనిట్‌కే వెళ్లాడు. రాళ్లు కోసే మిషన్ల మోతలో అరుచుకుంటూ మాట్లాడుకున్నారు.

"త్రినాథ్, ఆ తలుపు తియ్యరా."

"ఎట్టా తీసేది బాబాయ్? ఉన్నది ఉన్నట్టు ఉంచమని కోర్టోళ్లు చెప్పారు. ఆ రోజున తాళం వేసుంది. తాళం వేసే ఉండాల. తీస్తే ధిక్కారమంట. మా లాయరు మరీ మరీ చెప్పాడు, గోడమీద కాకి వాలినా నన్నడక్కుండా తోలబాకని."

"ఈస్టరు ఒక్కపూట..."

"నీకు మతుందా అసలు? మంగళారం నేను వచ్చాగా! ఎండలో నుంచున్నాగా! అప్పుడు నీకు లండన్ కావాల్సొచ్చింది. ఇప్పుడు తియ్యమని ఆ లండనోళ్లనే అడుగు." త్రినాథ్‌కి కోపంకన్నా ఉక్రోషం ఎక్కువగా ఉంది. "మాయమ్మ నాతో మాట్లాట్టం మానేసింది బాబాయ్. నేను తీస్తానంటే తియ్యొద్దంటన్నది మీ కోర్టేనని చెబితే నమ్మట్లా."

పేరయ్య లక్ష్మీకాంత్ గారికి ఫోన్ చేశాడు. ఆయన మీటింగులో ఉన్నారు. మళ్లీ చేశాడు. ఇంకో మీటింగులో ఉన్నారు. ఊరికే పనిచేసేవాళ్లకి తీరిక ఉండదు. చివరికి ఆరాధన దొరికింది. విషయం చెప్పాడు. "సర్, నేను మా పెద్దవాళ్లని అడుగుతాను" అంది. అడిగిందట కూడా. రెండు పక్షాలూ ఒప్పుకుంటే ఒక్క కాగితంతో మార్పించొచ్చు గదా అని. ఇప్పుడే గెలిచిన ఉత్తర్వుని మనమే మార్చమంటే రిపోర్టులో బాగుండదని జవాబొచ్చింది. రిపోర్టు అప్పటికే లండన్ వెళ్లిపోయింది. అందులో ఆదెమ్మ కేసు విజయాల పేజీలో ఉంది.

మట్టల ఆదివారం వెళ్లాక బుధవారంనాడు హైదరాబాదులో సభ జరిగింది. కారు పంపించారు. ఆదెమ్మ చల్లటి గాలికి కొంగు తలమీదిగా కప్పుకుని, దారంతా బిగుసుకుని కూర్చుంది. హోటల్ హాల్లో తెరమీద ఆమె ఫొటో గోడంత ఉంది, వెనకాల ఎర్రటి మిరపకాయలతో సహా. తెల్లదొర ఒకాయన వచ్చి, ఉచిత న్యాయసేవలో కొత్త ప్రపంచ పోకడ ఏమిటంటే క్లయింటు గొంతు వినడం అని చెప్పాడు. అందరూ తలలూపారు. అప్పుడు గొంతు వినడానికి ఆదెమ్మని స్టేజీ ఎక్కించారు. ఆరాధన మైకు పట్టుకుని, ఆమె తెలుగులో చెబితే ఇంగ్లీషులో చెప్పడానికి పక్కన నిలబడింది.

"దణ్ణాలయ్యా" అంది ఆదెమ్మ. "తలుపు ఎప్పుడు తీస్తారు?"

ఆరాధన నోరు తెరిచింది. ముందు వరసలో లక్ష్మీకాంత్ గారు ఆ పిల్ల వంక చూశారు. పక్కన తెల్లదొర చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. ఆరాధన తల దించుకుని, న్యాయం తన గుమ్మందాకా వచ్చినందుకు ఆమె కృతజ్ఞతలు చెబుతోందని ఇంగ్లీషులో అనేసింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టారు. ఆదెమ్మ ఆ చప్పట్లు చూసి, తీస్తామంటున్నారు కాబోలనుకుని అందరికీ దణ్ణం పెట్టింది.

పేరయ్యకి ఇంగ్లీషొచ్చు. విన్నాడు. లేచి, అమ్మాయ్ అట్టా అనలేదామె అని చెప్పాల్సిందే. సరిగ్గా అప్పుడే ఆయన పేరు పిలిచారు. వెళ్లి జ్ఞాపిక తీసుకున్నాడు. పాలిష్ పట్టిన నల్లరాయి, దానిమీద బంగారు రంగులో ఆయన పేరు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆ రాయి ఒళ్లో పెట్టుకుంటే బరువుకి తొడలు తిమ్మిరెక్కాయి. కింద పెట్టడానికి మనసొప్పలేదు, ఎత్తి బయట పారెయ్యడానికీ ధైర్యం చాల్లేదు.

"చప్పట్లు బాగా కొట్టారు గదయ్యా. మంచోళ్లే" అంది ఆదెమ్మ వెనక సీట్లోంచి. "ఈస్టరుకి తీస్తారుగా?"

పేరయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "పడుకో ఆదెమ్మా, చాలా దూరం పోవాలి" అన్నాడు.

శనివారంనాడు చెప్పక తప్పలేదు. పేరయ్య వెళ్లేసరికి ఆమె ఇంటిముందు బకెట్లో సున్నం నానబెడుతోంది. గుడ్డకి వడకట్టి, కాస్త నీలిమందు కలిపింది, ఇమ్మానియేలు అట్టాగే కలిపేవాడట. పేరయ్య నిలబడే చెప్పాడు. మనం గెలిచాం గనక తలుపు తియ్యరు అని చెప్పాడు. ఇంకెట్లా చెప్పాలో ఆయనకి తెలియలేదు. ఆదెమ్మ కలపడం ఆపలేదు. "పొద్దున్నే వస్తారుగా ప్లీడరు గారూ?" అని మాత్రం అడిగింది.

ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా కొవ్వొత్తులతో కదిలింది. ముందు పాస్టరు గారు, వెనక పాటలు. ఆ పాటలు గోడదాకా వచ్చి ఆగిపోయాయి. చువ్వల అవతల, ఆ మసక వెలుతురులో సమాధులు కనబడుతున్నాయి. అన్నీ బూడిద రంగులో ఉన్నాయి. కిందటేడు అన్నిటికీ సున్నం వేసిన మనిషిది ఆ చివర కొత్తది. దానికి ఇంతవరకూ ఒక్క చెయ్యి సున్నం పడలేదు. ఆదెమ్మ చువ్వలు పట్టుకుని అటే చూస్తూ, చప్పుడు లేకుండా ఏడ్చింది. 

లోపలనుంచి ఉస్మాన్ వచ్చి చువ్వల దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, తాళంచెవి నా మొలనే ఉంది. అన్న పోయినప్పుడు నేను కూడా ఒక చెయ్యి వేసి మోసినోణ్ణే. తియ్యమంటే తీస్తా, తర్వాత ఏమైతే అదైంది."

"వద్దులే ఉస్మానూ. నీ కొంప కూడానా?" అంది ఆదెమ్మ. కళ్లు తుడుచుకుని పేరయ్య వైపు తిరిగింది. "పోనీ నేను తీస్తే?"

"నిన్ను కోర్టుకి పిలుస్తారమ్మా."

"కేసు వేసింది నేనేగా?"

"నువ్వే."

"నేను గెలిచానన్నారుగా?"

"గెలిచావు."

"నా కేసులో నేను గెలిచి, నా మొగుడి కాడికి నేను పోతే, నన్నే శిక్షిస్తారా ప్లీడరు గారూ?"

పేరయ్యకి దగ్గొచ్చింది. ఎంతకీ తగ్గలేదు. ఈసారి ఎక్కి పోవడానికి ఆమెకి బస్సు లేదు, దగ్గు తగ్గేదాకా అక్కడే నిలబడి చూసింది. 

ఆదెమ్మ బకెట్ దగ్గరికెళ్లి, కుంచె ముంచి, తలుపు పక్కన గోడకి సున్నం వెయ్యడం మొదలుపెట్టింది. సరిగ్గా ఇమ్మానియేలు సమాధికి ఎదురుగా పడే చోటు చూసుకుని మరీ వేసింది. గోడకి సున్నం వేస్తే ఉన్న పరిస్థితి మారినట్టవుతుందేమో, అది కూడా ధిక్కారమేమోనని పేరయ్య బుర్రలో ఒక ప్లీడరు గొణిగాడు. జీవితంలో మొదటిసారి పేరయ్య వాణ్ణి నోరు మూసుకోమన్నాడు. వెళ్లి బకెట్ ఎత్తి పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా మీద సున్నం చిందింది. వెనక జనం మళ్లీ పాట ఎత్తుకున్నారు.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఆరాధన.

"హ్యాపీ ఈస్టర్ సర్. సారీ, పొద్దున్నే చేస్తున్నా." ఆ పిల్ల గొంతు బాగా నీరసంగా ఉంది. "కొత్త ఏడాది లెక్క మొదలైంది సర్. ఈ రోజు మీరు ఎంతసేపు పనిచేశారో రాసుకోమన్నారు. లోకల్ పార్ట్‌నర్ గంటలు కూడా కలుస్తాయట. ఇంకా... ఆదెమ్మ గారు ఈస్టరుకి ఎలా ఫీలయ్యారో ఒక్క మాట కావాలట, రిపోర్టు రెండో ముద్రణకి."

పేరయ్య స్పీకర్ నొక్కి ఫోన్ ఆదెమ్మ ముందు పెట్టాడు. "నీ మాట కావాలంటమ్మా. ఈసారి మధ్యలో ఎవరూ మార్చరు. చెప్పు."

ఆదెమ్మ మోచేత్తో నుదుటిమీద సున్నం తుడుచుకుంది.

"తల్లీ, నీ మీద నాకేం కోపం లేదు. చిన్నపిల్లవి. మీ పెద్దోళ్లతో చెప్పు. మీ కేసు మీరు తీసుకెళ్లిపోండమ్మా. మా తాళం మాకు వదిలెయ్యండి. త్రినాథ్‌ని మేం అడుక్కుంటాం."

 అవతల ఆరాధన ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

"మరి గంటలు ఏం రాయమంటారు సర్?" అంది చివరికి, ఇంకేం అడగాలో తెలియక.

"తాళం తియ్యడానికి ఎంతసేపు పడుతుందో అంత రాసుకో అమ్మా. అది కూడా నేను చెయ్యలేదని రాయి" అన్నాడు పేరయ్య.

ఆదెమ్మ అప్పటికే అటు తిరిగి కుంచె ముంచింది. గోడ ఇంకా చాలా ఉంది. పేరయ్య ఫోన్ జేబులో పడేసి, బకెట్ ఆమె చేతికి అందేలా ఎత్తి పట్టుకున్నాడు.